సైకిల్ మీద వెళ్తుంటే కారు తగిలింది, క్లెయిమ్ వస్తుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్, మణికొండ. నాకు 41 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. నిరుడు మా ఏరియా సైక్లింగ్ క్లబ్‌లో చేరాను. ఆదివారం తెల్లవారుజామున గండిపేట వైపు గ్రూప్ రైడ్‌కి వెళ్తాం. ఐదు వారాల క్రితం తిరిగి వస్తుంటే వెనక నుంచి వచ్చిన కారు నా హ్యాండిల్‌కి తగిలి పడిపోయాను. కుడివైపు కాలర్ బోన్ విరిగింది, ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. కారు నడిపిన అబ్బాయే ఆసుపత్రికి తీసుకెళ్లి ఎమర్జెన్సీ బిల్లు కట్టాడు. "కేసు వద్దు మేడం, ఈమధ్యే ఉద్యోగంలో చేరాను" అని బతిమాలాడు. జాలేసి, సైకిల్ మీంచి నేనే జారి పడ్డానని డ్యూటీ డాక్టర్‌కి చెప్పాను. ఆపరేషన్‌కి రెండు లక్షలు దాటింది. ఇప్పుడతను ఫోన్ ఎత్తడం లేదు. స్కూల్లో జీతం లేని సెలవులో ఉన్నాను. సైకిల్‌కి ఇన్సూరెన్స్ ఉండదు కనుక క్లెయిమ్ రాదని క్లబ్‌లో ఒకరు అంటున్నారు. ఇద్దరిద్దరం పక్కపక్కన తొక్కుతున్నాం కాబట్టి తప్పు మనదే అంటారని ఇంకొకరు చెబుతున్నారు. ఏం జరిగినా బాధ్యత మాదేనని చేరేటప్పుడు సంతకం పెట్టాం కాబట్టి క్లబ్‌కి సంబంధం లేదని అడ్మిన్ తేల్చేశారు. మావారేమో సైకిల్ అమ్మేయమంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: మీకు క్లెయిమ్ ఉంది. ఐదు వారాలే అయింది కాబట్టి సమయమూ ఉంది. అయితే ఈ వారంలోనే కదలాలి.

ముందు ఇన్సూరెన్స్ సంగతి. క్లబ్‌లో మీకు చెప్పిన మాట పూర్తిగా తప్పు. మోటారు వాహనాల చట్టం, 1988 దృష్టిలో మామూలు సైకిల్ మోటారు వాహనం కాదు. దానికి రిజిస్ట్రేషన్, లైసెన్స్, ఇన్సూరెన్స్ ఏవీ అక్కర్లేదు. మీ కేసులో చూడాల్సింది కారు ఇన్సూరెన్స్. సెక్షన్ 146 ప్రకారం రోడ్డెక్కే ప్రతి మోటారు బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఆ థర్డ్ పార్టీ ఎవరో కాదు, మీరే. ఆ బండి వల్ల దెబ్బతిన్నవాళ్లు నడిచి వెళ్తున్నారా, సైకిల్ మీద వెళ్తున్నారా అన్న తేడా చట్టానికి లేదు. హెల్మెట్ గురించి మీరు రాయలేదు. కేంద్ర చట్టంలో హెల్మెట్ నిబంధన ఉన్నది మోటారు ద్విచక్ర వాహనాలకే. మీకు విరిగింది కాలర్ బోన్ కాబట్టి ఆ వాదనతో ఎవరైనా వచ్చినా భయపడకండి.

అసలు చిక్కు మీరు డాక్టర్‌కి చెప్పిన ఆ ఒక్క మాటతో వచ్చింది. రోడ్డు ప్రమాదమని చెబితే ఆసుపత్రి వాళ్లు ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాస్తారు. పోలీస్ స్టేషన్‌కి సమాచారం వెళ్తుంది, ప్రమాదం జరిగిన గంటల్లోనే కాగితం మీద ఆధారం పుడుతుంది. మీ కేస్ షీట్‌లో మాత్రం 'సైకిల్ మీంచి జారి పడ్డారు' అని ఉంటుంది. రేపు క్లెయిమ్ తేల్చే ట్రిబ్యునల్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్ మొదట తీసేది ఆ కాగితమే. "అమ్మా, మీరే కదా జారి పడ్డానన్నారు, ఇప్పుడు కారెక్కడి నుంచి వచ్చింది?" అని అడుగుతారు.

దానికి జవాబు ఉంది. కారు నడిపిన అబ్బాయి బతిమాలాడు, మీరు నమ్మారు, అందుకే అలా చెప్పారు. అదే నిజం కనుక అదే చెప్పండి, పోలీసులకిచ్చే ఫిర్యాదులోనే రాయండి. ఎవరూ అడగకముందే రాస్తే వివరణగా నిలబడుతుంది. అడిగాక చెబితే కల్పించినట్టు ఉంటుంది. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరిస్తున్నాను. పాత కేస్ షీట్ దిద్దమని డాక్టర్‌ని అడగొద్దు. దిద్దిన రికార్డు బయటపడితే నిజమైన కేసు కూడా కూలిపోతుంది. ఉన్న రికార్డు ఉన్నట్టే తీసుకోండి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లోగా కాపీ ఇవ్వాలని డాక్టర్ల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. ఎక్స్‌రేలు, డిశ్చార్జ్ సమ్మరీ, మందుల బిల్లులు, ఫిజియోథెరపీ రసీదులు, అన్నీ ఒరిజినల్స్ ఒక ఫైల్లో పెట్టండి.

ఇక మీ వైపు ఏమున్నాయో చూడండి. ఎమర్జెన్సీ బిల్లు ఆ అబ్బాయే కట్టాడన్నారు. యూపీఐలో కట్టి ఉంటే, జారి పడ్డ మనిషికి ఏ సంబంధమూ లేని వ్యక్తి పొద్దున్నే ఆసుపత్రి కౌంటర్లో డబ్బు ఎందుకు కట్టాడన్న ప్రశ్నకు ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర జవాబు ఉండదు. ఆ రసీదు కాపీ ఆసుపత్రి బిల్లింగ్‌లో అడగండి. ఆ తర్వాత అతను పంపిన మెసేజ్‌లు, కాల్ హిస్టరీ చెరిపేయకండి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే మానుకోండి. మీ సైకిల్ కంప్యూటర్‌లోనో ఫోన్ యాప్‌లోనో ఆ రోజు రైడ్ రికార్డయి ఉంటే, ఎన్ని గంటలకు ఏ చోట మీ వేగం ఒక్కసారిగా సున్నా అయిందో అందులో కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ ఆధారాలు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి, ఆ పని మీ లాయర్ చూసుకుంటారు. మీ పక్కన తొక్కుతున్న స్నేహితురాలు, వెనకున్న వాళ్లు ప్రత్యక్ష సాక్షులు. కారు నంబర్ వాళ్లలో ఎవరో ఒకరు ఫొటో తీసే ఉంటారు, అడగండి. నంబర్ దొరికితే ఎంపరివాహన్ యాప్‌లో ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. ఆ దారిలో షాపుల ముందో, గేటెడ్ కమ్యూనిటీ గేటు దగ్గరో సీసీ కెమెరాలుంటే వాటి మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. చాలాచోట్ల కొన్ని రోజులకే పాత వీడియో మీద కొత్తది రికార్డయిపోతుంది. అయినా ఫిర్యాదులో ఆ కెమెరాలున్న చోట్లు రాయండి, పోలీసులు అడిగితే దొరకొచ్చు.

వంగిపోయిన హ్యాండిల్, పగిలిన ఫ్రేమ్ ఇప్పుడే బాగు చేయించకండి. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. కారు పెయింట్ అంటుకుని ఉంటే దగ్గరగా తీయండి. షాపు వాళ్లతో రిపేరు అంచనా రాయించుకోండి. సైకిల్ కొన్న బిల్లు వెతకండి, ఎందుకంటే శరీరానికి తగిలిన దెబ్బతో పాటు ఆస్తి నష్టం కూడా అదే ట్రిబ్యునల్‌లో అడగొచ్చు. కార్బన్ ఫ్రేమ్ అయితే పైకి కనిపించని చీలిక ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా మళ్లీ ఎక్కొద్దు.

ఎఫ్‌ఐఆర్ ఇప్పుడైనా ఇవ్వొచ్చు. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్న మనిషి ముందు ప్రాణం సంగతి చూసుకుంటాడు, పోలీస్ స్టేషన్‌కి పరుగెత్తడు. ఆ ఆలస్యాన్ని బట్టి క్లెయిమ్‌ని అనుమానించకూడదని 2011లో రవి వర్సెస్ బద్రీనారాయణ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆలస్యానికి కారణం రాయాలి. ఆపరేషన్, బెడ్ రెస్ట్, అతను డబ్బిస్తాడన్న నమ్మకం, ఆ తర్వాత ఫోన్ ఎత్తకపోవడం, అన్నీ తేదీలతో సహా రాయండి. ప్రమాదం జరిగిన చోటు ఏ స్టేషన్ కిందికి వస్తుందో తెలియకపోతే మీ దగ్గరి స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్‌గా ఇవ్వొచ్చు, వాళ్లే బదిలీ చేస్తారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు తీసుకోకపోతే డీసీపీకి స్పీడ్ పోస్టులో పంపండి. అదీ కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టు ఉంది.

మీ జాలి గురించి కూడా మాట్లాడాలి, అది చిన్న విషయం కాదు. అతను పారిపోలేదు, ఆసుపత్రికి తీసుకొచ్చాడు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 ప్రకారం అది డ్రైవర్ బాధ్యతే అయినా, చేయనివాళ్లు ఎంతమందో మనకు తెలుసు. అదే సెక్షన్ పోలీసులకూ, తన ఇన్సూరెన్స్ కంపెనీకీ సమాచారం ఇమ్మంటుంది. అక్కడే అతను తప్పు దారి పట్టాడు. ఎఫ్‌ఐఆర్ అయితే అతని మీద భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 281, ఎముక విరిగింది కనుక 125 కింద క్రిమినల్ కేసు నడుస్తుంది. ఇది మీకు తెలిసే ముందుకెళ్లాలి. రెండూ బెయిల్ దొరికే నేరాలే. మీకు రావాల్సిన పరిహారం మాత్రం, పాలసీ, లైసెన్స్ సరిగ్గా ఉంటే, అతని జేబు నుంచి కాకుండా ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వస్తుంది. అతను ఏటా ప్రీమియం కట్టేది ఇందుకే. రెండు లక్షల అప్పు మీ నెత్తిన పెట్టుకుని అతన్ని కాపాడాల్సిన అవసరం మీకు లేదు.

క్లెయిమ్ వేసేది మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు నివసించే చోటి ట్రిబ్యునల్‌లోనే వేయొచ్చు. గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. 2019 సవరణతో వచ్చిన ఈ గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు కానీ మీ చేతిలో ఇంకా నాలుగున్నర నెలలకు పైగా ఉంది కనుక ఆ వివాదం జోలికి వెళ్లకుండా గడువులోపే వేసేయండి. ఎఫ్‌ఐఆర్ అయితే పోలీసులు కూడా తమ వివరమైన ప్రమాద నివేదికను మూడు నెలల్లో ట్రిబ్యునల్‌కి పంపాలి. ట్రిబ్యునల్‌లో రుజువు క్రిమినల్ కోర్టులో లాగా సందేహానికి తావు లేకుండా ఉండనక్కర్లేదు. ఏది జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉంది అన్నదే చూస్తారు. జారి పడ్డానన్న కేస్ షీట్ ఒకవైపు, సాక్షులు, బిల్లు కట్టిన రసీదు, మెసేజ్‌లు మరోవైపు ఉన్నప్పుడు ఈ తేడా మీకు చాలా పనికొస్తుంది.

పరిహారంలో ఏమేం అడగాలో మీ వృత్తిని దృష్టిలో పెట్టుకుని ఆలోచించండి. ఆసుపత్రి ఖర్చు, కోల్పోయిన జీతం, నొప్పి, రాకపోకల ఖర్చు ఎలాగూ ఉంటాయి. లెక్కల టీచర్ రోజంతా కుడిచెయ్యి భుజం పైకెత్తి బోర్డు మీద రాయాలి. ప్లేటు వేసిన భుజం ఆరు నెలల తర్వాత ఎంత ఎత్తుకు లేస్తుంది, ఒక పీరియడ్ మొత్తం రాస్తే నొప్పి ఎంత వస్తుంది అన్నది మీ సంపాదన మీద ప్రభావం చూపే విషయం. అంగవైకల్యం శాతం కాగితం మీద ఎంతున్నా, ఆ మనిషి చేసే పని మీద దాని ప్రభావం ఎంతో లెక్కగట్టాలని 2010లో రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. చికిత్స పూర్తయ్యాక ఇబ్బంది మిగిలితే ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ బోర్డు నుంచి సర్టిఫికెట్ తీసుకోండి. స్కూలు నుంచి జీతం స్లిప్పులు, సెలవు లెటర్ తీసుకోండి. లేని నొప్పి మాత్రం రాయించకండి, ఉన్నదే సరిపోతుంది.

ఇంకో దారి కూడా ఉంది. సెక్షన్ 164 కింద తప్పు ఎవరిదో తేల్చకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వస్తాయి. త్వరగా డబ్బు చేతికొస్తుందని ఎవరైనా సంతకం పెట్టమంటే తొందరపడకండి. ఆ మొత్తం తీసుకుంటే 166 కింద వేసిన పిటిషన్ అక్కడితో ముగిసిపోతుంది. మీ ఆపరేషన్ ఖర్చు, పోయిన జీతం, భుజం పరిస్థితి కలిపి చూస్తే నష్టపోయేది మీరే అనిపిస్తోంది. భుజం సంగతి తేలాకే నిర్ణయించుకోండి.

పక్కపక్కన తొక్కడం గురించి. ఇన్సూరెన్స్ వాళ్లు ఆ వాదన తప్పకుండా తెస్తారు. దాన్నే పాక్షిక నిర్లక్ష్యం అంటారు. అది రుజువైతే పరిహారంలో కొంత శాతం తగ్గిస్తారు, క్లెయిమ్ మొత్తం కొట్టేయరు. పైగా మిమ్మల్ని గుద్దింది వెనక నుంచి. ముందున్నవాళ్లు కనిపిస్తూ ఉండగా దూరం పాటించాల్సింది వెనకొచ్చేవాళ్లే. నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు, పిల్లలు, పెద్దవాళ్ల విషయంలో డ్రైవర్లు ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాలని మోటారు వాహనాల డ్రైవింగ్ రెగ్యులేషన్లు, 2017 స్పష్టంగా చెబుతున్నాయి. మీ వెనక లైటు వెలుగుతోందా అన్నది ఇక్కడ ముఖ్యం. తెల్లవారుజాము రైడ్ కదా, బయల్దేరేటప్పుడు గ్రూప్ ఫొటో తీసుకుని ఉంటారు. వెనక లైటు, రిఫ్లెక్టివ్ జాకెట్ కనిపించే ఫొటో ఒక్కటి దొరికినా దాచండి.

ఇప్పుడు క్లబ్. మీ అడ్మిన్ చెప్పింది సగం నిజం. కారు డ్రైవర్ నిర్లక్ష్యానికి క్లబ్ పరిహారం కట్టక్కర్లేదు. కానీ మీరు సంతకం పెట్టిన కాగితం మీకూ క్లబ్‌కీ మధ్యది. కారు డ్రైవర్‌కీ, అతని ఇన్సూరెన్స్ కంపెనీకీ దాంతో ఏ సంబంధమూ లేదు. వాళ్లు దాన్ని చూపించి తప్పించుకోలేరు. ఆ కాగితం క్లబ్‌నైనా ప్రతిసారీ కాపాడుతుందనుకోవడం పొరపాటే. డబ్బు తీసుకుని ఈవెంట్ పెట్టి, ప్రమాదకరమైన రూట్ ఎంచుకుని, మార్షల్స్‌ని పెట్టకుండా వదిలేస్తే సంతకం ఉన్నా సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

చట్టపరంగా బాధ్యత లేదన్నంత మాత్రాన క్లబ్‌కి పని లేదని కాదు. సభ్యురాలు రోడ్డు మీద పడి ఉంటే క్లబ్ చేయాల్సినది చాలా ఉంది. చేయని ఆ పనుల వల్లే మీకు ఈ టెన్షన్ వచ్చింది. ఈ జవాబు మీ అడ్మిన్‌కి కూడా చూపించండి. ప్రతి రైడ్‌కీ ముందు ఒక కెప్టెన్, అందరికంటే వెనక ఒక స్వీప్ ఉండాలి. స్వీప్ దగ్గర అందరి బ్లడ్ గ్రూప్, ఇంట్లోవాళ్ల నంబర్లు ఉండాలి. ప్రమాదం జరిగితే ఒకరు 112కో 108కో ఫోన్ చేయాలి, ఒకరు బండి నంబర్, రోడ్డు, సైకిల్ పడిన చోటు ఫొటోలు తీయాలి. ఒకరు తప్పనిసరిగా ఆసుపత్రిలో పక్కన ఉండి, జరిగింది జరిగినట్టు డాక్టర్‌కి చెప్పాలి. నొప్పితో ఉన్న మనిషి ఆ పని సరిగ్గా చేయలేరు. సాయం చేస్తే పోలీసుల చుట్టూ తిరగాలన్న భయం అక్కర్లేదు, సెక్షన్ 134ఏ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు రహిత చికిత్స పథకం అమల్లో ఉంది. మోటారు వాహనం వల్ల ప్రమాదమని చెబితేనే అది వర్తిస్తుంది. మీరు జారి పడ్డానన్నారు కాబట్టి అదీ చేజారింది.

బ్రెవె అనే దూరపు రైడ్లు చేసేవాళ్లను చూడండి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి, అయినా అక్కడ తొందర కంటే క్రమశిక్షణే ముందు. ముందు వెనక లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్, హెల్మెట్ లేకపోతే బయల్దేరనివ్వరు. మీ ఆదివారం రైడ్‌కి అదే నియమం పెట్టుకుంటే పోయేదేమీ లేదు. రోడ్డు ఇరుకైన చోట కెప్టెన్ అరవగానే అందరూ ఒకే వరుసలోకి రావాలి. 'కార్ బ్యాక్' అని వెనక నుంచి కేక రాగానే మాటలు ఆగిపోవాలి. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ క్యారేజ్‌వే మీదికి సైకిళ్లు ఎక్కకూడదు, సర్వీస్ రోడ్డే దారి. క్లబ్‌ని సొసైటీగా రిజిస్టర్ చేయించాలంటే ఏడుగురు సభ్యులు చాలు. అప్పుడు సభ్యులందరికీ కలిపి గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోవడం తేలికవుతుంది.

క్లబ్‌లో ఎవరైనా సైకిల్‌కి మోటారు కిట్ బిగించుకుంటే ఇంకో జాగ్రత్త. మోటారు పవర్ 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉంటేనే అది మోటారు వాహనం కాదు. దాటితే రిజిస్ట్రేషన్, లైసెన్స్, ఇన్సూరెన్స్ అన్నీ కావాలి. అవి లేకుండా ఎవరినైనా గుద్దితే పరిహారం సొంత జేబులోంచి కట్టాలి. మామూలు సైకిల్ అయినా నిర్లక్ష్యంగా తొక్కి నడిచేవాళ్లను గుద్దితే న్యాయ సంహిత సెక్షన్ 281 వర్తిస్తుంది. చట్టం మనకు హక్కులిచ్చినట్టే బాధ్యతా పెట్టింది.

మీవారి మాట. ఆయన భయం న్యాయమైనది, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నది ఆయనే. వాదించకండి. డాక్టర్ సరే అనేదాకా మీరెలాగూ ఎక్కలేరు కనుక అమ్మాలా వద్దా అన్న మాట అప్పటిదాకా వాయిదా వేయమనండి. మళ్లీ మొదలుపెట్టే రోజున నేరుగా గండిపేట రోడ్డెక్కకుండా నార్సింగి దగ్గర సోలార్ సైకిల్ ట్రాక్‌కి వెళ్లండి, ఆయన్నీ తీసుకెళ్లండి. 2023 అక్టోబర్‌లో మొదలైనప్పుడు ఆ ట్రాక్ 23 కిలోమీటర్లు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ కప్పు. కార్లు రావు. భుజం మీద నమ్మకం కుదిరేది అక్కడే. మీరు సైకిల్ మానేయాలని నేను అనుకోవడం లేదు. రోడ్డు మీద మీ హక్కు కారు వాళ్ల హక్కు కంటే తక్కువదేం కాదు.

చివరగా లాయర్ విషయం. ఆసుపత్రుల చుట్టూ తిరిగే ఏజెంట్లు మీ దగ్గరకూ రావొచ్చు, వచ్చిన పరిహారంలో ఇంత శాతం ఇవ్వమంటారు. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం లాయర్ అలా వాటా మాట్లాడుకోకూడదు. ఫీజు ముందే మాట్లాడుకుని, రసీదు తీసుకోండి. పరిహారం మీ బ్యాంకు ఖాతాకే వచ్చేలా చూసుకోండి, ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టకండి. ఫీజు భరించే పరిస్థితి లేకపోతే న్యాయ సేవల అధికారుల చట్టం, 1987 కింద ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలందరికీ ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. సోమవారం స్టేషన్‌కి వెళ్లేటప్పుడు ఆ రోజు మీ పక్కన తొక్కిన స్నేహితురాలిని వెంట తీసుకెళ్లండి.